వికలాంగుల కాపురమునకు వరుమానపు హద్దు



పరదేశములందు స్థిరపడిన మన బిడ్డల విద్యను, ఉద్యోగములను గూర్చి యీ వేదికపై ఏటేట సంతోషముతో ముచ్చటించుకొనుచున్నాము. కాని యా దేశములందు వ్యాధిచేతనో ప్రమాదముచేతనో వికలాంగులైన వారిని గూర్చి మాటలాడుకొనుట యరుదు. వారి కాపురములకు సంబంధించిన యొక సంగతిని నేడు తమకు విన్నవింపగోరుచున్నాను.

బ్రిటనునందు పౌరసత్వమునో శాశ్వతనివాసమునో పొందినవారు స్వదేశమునుండి భార్యనుగాని భర్తనుగాని రప్పించుకొనుటకు సంవత్సరమునకు 18,600 పౌనుల వరుమానము చూపవలయునని 2012 జులై 9వ తేదీన నియమమేర్పడెను. 2024 ఏప్రిల్ 11 నుండి క్రొత్తగా దరఖాస్తు పెట్టువారికి ఆ మొత్తము 29,000 పౌనులైనది. వరుమానము లేక నిలువసొమ్ము మాత్రమే చూపువారికి 88,500 పౌనులు కావలయును. దేహపటుత్వము గలవాడు రాత్రింబవళ్లు పనిచేసియైన నీ మెట్టెక్కగలడు. గంటసేపు కూర్చుండుటకే యోపిక లేనివాడేమి చేయును?

అట్టివారికి ఆ నిబంధనలయందే యొక ద్వారము గలదు. పర్సనల్ ఇండిపెండెన్స్ పేమెంట్, డిజెబిలిటీ లివింగ్ అలవెన్స్, అటెండెన్స్ అలవెన్స్ మొదలగు భృతులు పొందువారికిని, వికలాంగులను కనిపెట్టుకొని యుండి కేరర్స్ అలవెన్స్ పొందువారికిని ఈ 29,000 పౌనుల నియమము వర్తింపదు. పన్నులును ఇంటిఖర్చును పోగా మిగిలిన వరుమానము, అంతటి కుటుంబమునకు ఇన్‌కమ్ సపోర్టు అను పేర ఆ దేశమేర్పఱచిన కనీసభృతికి తక్కువ కాకుండిన చాలును. ఆ లెక్కలో వికలాంగభృతియు వరుమానముగానే చేరును.

అయితే యీ ద్వారము మిక్కిలి యిఱుకైనది. అవయవలోపమున్నంత మాత్రమున చాలదు. భృతి మంజూరై యుండవలయును. దరఖాస్తు పెట్టనివారును, పరీక్షలో నిరాకరింపబడినవారును పూర్తిమొత్తమే చూపవలయును. విద్యార్థులుగానో ఉద్యోగులుగానో తాత్కాలికానుమతితో వెళ్లినవారికి సామాన్యముగా ఈ భృతులే లభింపవు. వారి భార్యాబిడ్డల విషయమున నిబంధనలు వేఱు.

కెనడాలో మార్గము భిన్నము. అచ్చట భార్యాభర్తలను రప్పించుకొనుటకు సాధారణముగా నిర్ణీత వరుమానము లేదు. ప్రభుత్వసహాయముపై బ్రతుకువారికి నిషేధమున్నను, ఆ సహాయము అంగవైకల్యముచే లభించినదైన నది యడ్డు కాదు. 2006లో ఐక్యరాజ్యసమితి యంగీకరించిన వికలాంగుల హక్కుల యొడంబడికలోని 23వ అధికరణము వివాహమును కుటుంబమును వారి హక్కులుగా నెన్నినది. మన దేశము 2007లో దానిని ధ్రువపఱచినది.

మహాశయులారా! ఇందు మన దోషమును గలదు. భృతి పుచ్చుకొనుట చిన్నతనమని మనలో ననేకులు తలతురు. “మా వంశమున చేయి చాచినవారు లేరు” అని తండ్రి వ్రాయును. కుమారుడు దరఖాస్తు పెట్టడు. ఆ యభిమానమువలన తెఱచియున్న ద్వారము మూతపడును. ఇచ్చట కోడలు పుట్టినింట యేండ్లు గడపును. సంబంధము వచ్చినప్పుడు జీతమెంతయని మాత్రమే యడిగి, భృతియని వినగానే లేచిపోవు పెద్దలును గలరు. చట్టప్రకారము లభించు భృతి భిక్షము కాదు. అది యాతని కాపురమునకు ఆధారము.

కావున మన సంఘము విద్యార్థివేతనముల కిచ్చు నిధిలో నొక భాగమును ఇట్టి కుటుంబముల దరఖాస్తులకును, న్యాయవాదుల సలహాకును కేటాయింపవలయునని ప్రార్థించుచున్నాను. నిబంధనలు మాఱుచుండును గనుక, తెలిసినవారి సలహా లేక యెవ్వరును సొమ్ము చెల్లింపరాదు, ఆశయు వదలుకొనరాదు. కాలు లేనివానికి చేతికఱ్ఱ నిచ్చుట మనమెఱిగినదే. వాని యిల్లాలిని వానికడకు చేర్చుటయు నంతటి ధర్మమేయని మనవిచేసి విరమించుచున్నాను.