గూర్ఖా దండు: పొగడ్తయు, వేతనమును
(పఠనమందిరమున ఒక న్యాయవాది చేసిన ఉపన్యాసము)



కొన్ని జాతులే వీరజాతులనియు, తక్కినవి కావనియు మనలో ననేకులు నమ్మియున్నారు. ఈ మాటవలన నెవరికి లాభము కలిగినదో తెలియవలెనన్నచో, బ్రిటిషు సైన్యమందు నేడున్న రాయల్ గూర్ఖా రైఫిల్స్ అను దండు చరిత్రమును పరిశీలింపుడు.

ఈ దండు 1994 జులై 1వ తేదీన నేర్పడినది. అంతకుముందు బ్రిటిషువారి కొలువున నున్న రెండవ, ఆరవ, ఏడవ, పదవ గూర్ఖా దండులను గలిపి దీనిని నిర్మించిరి. కాని దీని మూలము 1815లో నున్నది. నేపాళముతో యుద్ధము జరుగుచుండగనే ఆ కొండవారి పరాక్రమమును గాంచి, కంపెనీవారు శత్రువునే జీతమునకు గుదుర్చుకొనిరి. 1947లో భారత, బ్రిటన్, నేపాళ ప్రభుత్వముల యొడంబడికచే, నాటి 10 దండులలో 6 భారతదేశమునకును 4 బ్రిటనునకును చెందినవి.

ఆ నాలుగింటిలో పదవదానికి మన చెన్నపురి సైన్యముతో సంబంధము గలదు. తెలుగు, తమిళ సిపాయిలు కంపెనీ పక్షమున దక్షిణాపథమునను బర్మాలోను పోరాడిరి. పిమ్మట రాబర్ట్సు వంటి సేనానులు దక్షిణాదివారు యుద్ధమునకు దగరని తలచి, మన పటాలములను దగ్గించిరి. 1890 ప్రాంతమున పదవ చెన్నపురి పటాలము సంఖ్యను బర్మాలోని పోలీసుదండున కిచ్చిరి. అదియే 1901లో పదవ గూర్ఖా దండైనది. అక్కరయున్నంతకాలము వీరులైనవారు, అక్కర దీరగనే భీరువులైరా? నెత్తురు మారలేదు, ప్రభువుల యవసరము మారినది.

నేడీ దండునకు చెందిన యొక పటాలము ఇంగ్లండులోని కెంటు సీమయందును, మరియొకటి బ్రూనైలోను వంతులవారీగ నుండును. 1962లో బ్రూనై తిరుగుబాటు నణచుటకు గూర్ఖాలనే పంపిరి. నేడచటి పటాలమునకగు వ్యయమును సుల్తాను భరించుచున్నాడు. ఆఫ్ఘనిస్థానమందును ఈ దండువారు పోరాడిరి.

ఇక వేతనము మాట. 1947 నాటి యేర్పాటుచే గూర్ఖా జీతము, పింఛను భారత సైన్యపు కొలతననుసరించెను. పక్కనే నిలిచి పోరాడిన ఆంగ్లసైనికుని పింఛను వేరు. సేవా నిబంధనలు సమానమగుట 2007 నాటి మాట. 1997 జులైకి పూర్వపు సేవకు మాత్రము పూర్తి విలువ గట్టలేదు. నాలుగేండ్లు సేవచేసి 1997కు పూర్వము విరమించినవారికి బ్రిటనులో నివసించు హక్కు, ప్రజలలో గొప్ప యలజడి రేగిన పిమ్మటనే, 2009లో లభించినది. పింఛను భేదము చట్టవిరుద్ధము గాదని ఐరోపా మానవహక్కుల న్యాయస్థానము 2016లో తీర్పు చెప్పినది. చట్టమునకు సమ్మతమైనదెల్ల న్యాయము గాదని వకీలుగనే చెప్పుచున్నాను.

ఇందు గూర్ఖా సోదరుని దూషింప బనిలేదు. కొండపొలము కడుపు నింపనప్పుడు బిడ్డను దండునకు బంపు తల్లిదండ్రులను నిందించుట యెట్లు? మనము విచారింపవలసినది పొగడువారినే. ఏ జాతినైన వీరజాతి యని యెవరైన మెచ్చుకొనునప్పుడు, ఆ మెచ్చుకోలుతో గూడ ఏమి యిచ్చుచున్నారని యడుగుడు. శౌర్యమును శ్లాఘించు నోటితోనే పింఛను తగ్గించువాని మాట నమ్మకుడు. పొగడ్త ముసలి సిపాయి కడుపు నింపదు.