హుస్సేన్ సాగర్ ఒడ్డున తేలిక నడకలు
(మన సంఘం సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మన సమావేశాల్లో డి.ఆర్. గురించి, పి.ఆర్.సి. గురించి, మెడికల్ బిల్లుల గురించి మాట్లాడుకోవడం మామూలే. ఈసారి కార్యవర్గంవారు నన్ను నడక గురించి నాలుగు మాటలు చెప్పమన్నారు. ఏడాదికొకసారి లైఫ్ సర్టిఫికెట్ ఇచ్చి, బతికే ఉన్నామని ట్రెజరీకి రుజువు చేసుకుంటున్నాం. ఆ రుజువు మన కాళ్లు రోజూ అడుగుతాయి. అందుకని ఈ విషయం కూడా మన సంఘం పరిధిలోదేనని నా మనవి.

పదవీ విరమణ అయిన కొత్తలో అందరం ఉత్సాహంగా నడుస్తాం. కొన్నాళ్లకు మోకాలు నొప్పి అని ఒక వారం మానేస్తాం. ఈలోగా ఎవరో తెలిసినాయన జారిపడి తుంటి ఎముక విరిగిందని కబురు వస్తుంది. ఇంట్లోవాళ్లు భయపడి, "ఇక బయటికి వెళ్లకండి, బాల్కనీలోనే తిరగండి" అంటారు. నడక తగ్గితే కాళ్లలో బలం తగ్గుతుంది. బలం తగ్గితే తూలు వస్తుంది, పడే ప్రమాదం ఇంకా పెరుగుతుంది. చివరకు బ్యాంకుకు వెళ్లాలన్నా, గుడికి వెళ్లాలన్నా మరొకరి తీరిక కోసం ఎదురుచూసే రోజు వస్తుంది. ఉద్యోగమంతా మన పని మనం చేసుకున్నవాళ్లం, ఆ ఎదురుచూపు ఎంత కష్టమో మీకు చెప్పనక్కరలేదు.

నడవడానికి మన జంటనగరాల మధ్యనే హుస్సేన్ సాగర్ ఉంది. ఇబ్రహీం కులీ కుతుబ్ షా కాలంలో 1562 ప్రాంతంలో కట్టిన చెరువు ఇది. హైదరాబాదు నగరం వెలసింది 1591లో. అంటే ఊరి కంటే చెరువు పెద్దది, మనందరికీ అందరికంటే సీనియర్! చుట్టూ తిరిగితే పది కిలోమీటర్లకు అటూఇటూ ఉంటుంది. చుట్టంతా తిరగమని నేను చెప్పను. చెరువును నాలుగు ముక్కలు చేసుకుందాం. ఎవరి కాళ్లకు తగిన ముక్క వారు ఎంచుకోవచ్చు.

మొదటిది ఉత్తరపు ఒడ్డున ఉన్న సంజీవయ్య పార్కు. ఆపరేషను తర్వాత కోలుకుంటున్నవారు, చాలాకాలం నడక మానేసినవారు ఇక్కడ మొదలుపెట్టడం మంచిది. లోపల బస్సులు, కార్ల భయం లేదు, నేల చాలావరకు చదును, కూర్చోవడానికి చోటు దొరుకుతుంది. 2016లో ఎగరేసిన 291 అడుగుల జాతీయ జెండా స్తంభం ఆనవాలుగా ఉంటుంది. ఈ పార్కుకు 1960 నుంచి 1962 వరకు ముఖ్యమంత్రిగా చేసిన దామోదరం సంజీవయ్యగారి పేరు పెట్టారు. వృద్ధాప్య పింఛన్లు మొదలుపెట్టిన ఘనత ఆయనకు చెబుతారు. పెన్షనర్లు నడవడానికి అంతకంటే తగిన చోటు ఏముంటుంది?

రెండవది పడమటి ఒడ్డున నెక్లెస్ రోడ్డు. 2021 నుంచి దానికి పి.వి. నరసింహారావు మార్గ్ అని పేరు. కాలిబాట వెడల్పుగా ఉంటుంది, పక్కనే చెట్లు. ఉదయం ఇటువైపు నుంచి చూస్తే సూర్యోదయం నీళ్ల మీదుగా కనిపిస్తుంది. దారిలో పి.వి. గారి జ్ఞానభూమి ఉంది. ఈ రోడ్డును ఆనుకుని నెక్లెస్ రోడ్డు అనే ఎం.ఎం.టి.ఎస్. స్టేషను ఉంది. సంజీవయ్య పార్కుకూ ఆ పేరుతోనే ఒక స్టేషను ఉంది. రైళ్లు తరచుగా ఉండవు కాబట్టి, వేళలు కనుక్కుని బయలుదేరండి.

మూడవది తూర్పున టాంక్‌బండ్. సుమారు రెండు కిలోమీటర్ల కట్ట. నన్నయ, తిక్కన, మొల్ల, వేమన, త్యాగయ్య, గురజాడ, జాషువా, శ్రీశ్రీ, మఖ్దూం, ఇలా ముప్పైకి పైగా విగ్రహాలు వరుసగా ఉన్నాయి. వాటితో ఒక ఉపకారముంది. కిలోమీటర్ల లెక్క మరిచిపోయి, విగ్రహాల లెక్క పెట్టుకోండి. ఈ వారం నాలుగు విగ్రహాల దూరం, వచ్చే వారం ఐదు. మనవళ్లను తీసుకువెళితే ఒక్కొక్కరి గురించి ఒక్కొక్క మాట చెప్పవచ్చు, వాళ్లకు తెలుగూ వస్తుంది, మనకు నడకా అవుతుంది. సాయంత్రం ఇక్కడి నుంచి చెరువు మీద సూర్యాస్తమయం చూడవచ్చు. శుక్లాలున్నవారికి నీటి మీది ఎండ కళ్లలో కొడుతుంది. అలాంటివారు ఉదయం టాంక్‌బండ్‌కు, సాయంత్రం నెక్లెస్ రోడ్డుకు వెళితే చెరువు వైపు చూసినా సూర్యుడు వెనక ఉంటాడు. ఇక్కడ వాహనాల రద్దీ బాగా ఎక్కువ. విగ్రహాలు చూద్దామని ఎక్కడపడితే అక్కడ రోడ్డు దాటవద్దు.

నాలుగవది దక్షిణాన లుంబినీ పార్కు, ఎన్.టి.ఆర్. మార్గ్ వైపు. సచివాలయంలో పనిచేసినవారికి ఇది పాత ఆఫీసు దారి. ఆ పాత బ్లాకులు ఇప్పుడు లేవు. 2023 ఏప్రిల్‌లో కొత్త భవనం వచ్చింది. అదే నెలలో దగ్గరలోనే 125 అడుగుల అంబేద్కర్ విగ్రహాన్ని ఆవిష్కరించారు. ఫైళ్లు పట్టుకుని పరుగులు తీసిన దారిలో తీరిగ్గా నడవడం ఒక తృప్తి.

ఏ ఒడ్డున ఉన్నా నీళ్ల మధ్య బుద్ధుడు కనిపిస్తూనే ఉంటాడు. 1990 మార్చిలో పడవ మునిగి ఆ విగ్రహం నీటి అడుగుకు వెళ్లడం, 1992 డిసెంబరు 1న దాన్ని నిలబెట్టడం మనకు బాగా గుర్తు. మనలో చాలామంది అప్పుడు సర్వీసులో ఉన్నాం.

ఇక జాగ్రత్తలు. మన వయసువారికి వారానికి 150 నిమిషాల నడక మంచిదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతున్నది. అంటే రోజుకు అరగంట చొప్పున ఐదు రోజులు. ఒకేసారి చేయలేనివారు పదేసి నిమిషాలుగా మూడుసార్లు చేసినా లెక్కకు వస్తుంది. నడుస్తూ పక్కవారితో మాట్లాడగలగాలి, మాట తెగిపోతుంటే వేగం తగ్గించాలి.

అన్నిటికంటే ముఖ్యమైనది తిరుగు ప్రయాణం. అలసట వచ్చాక వెనక్కి తిరిగితే ఆలస్యమైనట్టే. ఉన్న ఓపికలో సగం అయ్యేలోపే తిరగాలి. గుండెలో బరువుగా ఉన్నా, కళ్లు తిరిగినా వెంటనే కూర్చోవాలి, పక్కవారికి చెప్పాలి. షుగరుకు మందులు, ఇన్సులిను వాడేవారు జేబులో చక్కెర బిళ్లలో గ్లూకోజో పెట్టుకోవాలి. ఇంటికి రాగానే పాదాలు చూసుకోవాలి, స్పర్శ తగ్గినవారికి బొబ్బ వచ్చినా తెలియదు. బైఫోకల్ కళ్లద్దాలవారికి ఇంకొక మాట. కింది అద్దంలోంచి చూస్తే మెట్టు అంచు మసకగా కనిపిస్తుంది. కాలిబాట దిగేటప్పుడు తల వంచి పై అద్దంలోంచి చూడాలి. జేబులో పేరు, ఇంటివారి ఫోను నంబరు, వాడే మందులు రాసిన చీటీ తప్పక ఉండాలి.

ఉన్నమాట చెప్పుకోవాలి, చెరువు నీరు శుభ్రంగా లేదు. నాలాల మురుగు అందులో కలుస్తుంది, వేసవిలో కొన్నిచోట్ల వాసన భరించడం కష్టం. ఆ రోజు ఇంకో ఒడ్డుకు మారండి. వినాయక నిమజ్జనం రోజుల్లో అటు వెళ్లకపోవడమే మేలు. మాదాపూర్ వైపు పిల్లల దగ్గర ఉంటున్నవారు ఇంతదూరం రానక్కరలేదు, అక్కడి దుర్గం చెరువు దగ్గర కూడా నడకదారి ఉంది.

ఇక్కడికి వచ్చిన కొడుకులకు, కోడళ్లకు, కూతుళ్లకు, అల్లుళ్లకు ఒక మాట. మీ భయం మాకు అర్థమవుతుంది. "వెళ్లవద్దు" అనే బదులు ఆదివారం ఒక్కపూట తోడు రండి. మంచి బూట్లు కొనిపెట్టండి. మీ అమ్మగార్లను కూడా బయలుదేరదీయండి. కుటుంబ పింఛను తీసుకుంటున్న మా అక్కచెల్లెళ్లు కొందరు ఒంటరిగా వెళ్లడానికి మొహమాటపడి ఇంట్లోనే ఉండిపోతున్నారు. వారికి నడక ఎంత అవసరమో, నలుగురితో మాట కూడా అంతే అవసరం.

చివరిగా సంఘానికి రెండు ప్రతిపాదనలు. ఒకటి, నెలకొక ఆదివారం ఉదయం మన సభ్యులందరూ సంజీవయ్య పార్కులో కలవాలి. అందరికంటే నెమ్మదిగా నడిచేవారు ముందు నడవాలి, మిగిలినవారు వారి వెనక. అప్పుడు ఎవరూ వెనకబడిపోరు. రెండవది, చెరువు చుట్టూ మరిన్ని బెంచీలు, శుభ్రమైన మరుగుదొడ్లు, కాలిబాటలు ఎక్కిదిగడానికి వాలుదారులు కావాలని సంఘం తరఫున వినతిపత్రం ఇవ్వాలి. మరుగుదొడ్డి లేదన్న ఒక్క కారణంతో నడక మానేసినవారు ఈ హాల్లోనే ఉన్నారు, సిగ్గుపడి చెప్పరంతే.

వినతిపత్రం మీద సంతకాలకు కాగితం కార్యదర్శిగారి బల్ల మీద ఉంచాం. దాని పక్కనే ఆదివారం నడకకు వచ్చేవారి జాబితా ఉంది. భోజనాలకు వెళ్లేలోపు రెండింటి మీదా మీ పేర్లు రాయవలసిందిగా కోరుతున్నాను.