పత్తి, ఫోను, బ్రెజిల్

ప్రత్తిపాడు చుట్టుపక్కల రైతు మద్దతు ధరకు పత్తి అమ్మాలంటే ఇప్పుడు ముందుగా చూసుకోవాల్సింది ఫోను. 2025లో భారత పత్తి సంస్థ ‘కపాస్ కిసాన్’ యాప్ తెచ్చింది. అందులో పేరు నమోదు చేసుకుని, స్లాట్ తీసుకుని, చెప్పిన రోజున జిన్నింగ్ మిల్లుకు సరుకు తోలాలి. అక్కడ తేమ కొలుస్తారు. 8 శాతం దాకా పూర్తి ధర, ఆపైన కోత, 12 దాటితే కొనరు. 2025-26 సీజనుకు పొడవు పింజ పత్తి మద్దతు ధర క్వింటాలుకు 8,110 రూపాయలు. మరి స్లాట్ దొరికిన రోజే ముసురు పట్టిందనుకోండి? యాప్‌కు మబ్బు కనపడదు కదా!

2025 ఆగస్టులో కేంద్రం పత్తి దిగుమతిపై 11 శాతం సుంకం ఎత్తేసి, ఆ మినహాయింపును డిసెంబరు ఆఖరు దాకా పొడిగించింది. అమెరికా సుంకాలతో నలిగిన బట్టల మిల్లులకు ఊరటే. కానీ మన రైతుకు పోటీ నేరుగా గుమ్మంలోకే వచ్చింది.

ఆ పోటీదారుల్లో బ్రెజిల్ గట్టిది. సోయా కోసిన చేలోనే అదే ఏడు పత్తి వేసి, యంత్రాలతో తీసి, 2023-24లో ఎగుమతుల్లో అమెరికానే దాటేసింది. బంగ్లాదేశ్‌ది ఇంకో దారి. పండించేది కొంచెమే, దూది కొని తెచ్చి చొక్కాలు కుట్టి ప్రపంచానికి అమ్ముతుంది.

బ్రెజిల్‌లా మనమూ యంత్రాలు దించవచ్చుగా అంటారు. యంత్రం దిగాలంటే కాయలన్నీ ఇంచుమించు ఒకేసారి పగలాలి. మన చేలల్లో విడతలుగా పగులుతాయి. అందుకే కూలీలు మళ్లీ మళ్లీ సాళ్లలోకి దిగాల్సి వస్తోంది.