ఏ వేళ నీళ్లకు?

ఎవరి పేరున ఈ ఉపన్యాసం జరుగుతోందో ఆ మాస్టారు మాకు బరంపురంలో భూగోళం చెప్పారు. ఏడాదికోసారి గోపాల్‌పూర్ తీసుకెళ్లి, ఈతొచ్చిన ఇద్దర్ని నోలియాల పడవ ఎక్కించేవారు. ఒడియావాళ్లు నోలియాలనేది మన వాడబలిజలనే. అల దాటాక తాడుకు కట్టిన సీసపు గుండు దింపి, పైకి లాగుతూ బారలు లెక్కపెట్టాలి. గుండు అడుగున కొవ్వు రాసి ఉండేది. దానికి ఇసుక అంటితే అడుగు ఇసుక, బురద అంటితే బురద. ఒకసారి నేను "నాలుగు బారలండీ!" అని అరిచాను. "ఏ వేళ నీళ్లకురా?" అన్నారాయన.

ఈస్టిండియా కంపెనీ ఓడలవాళ్లు చేసిందీ ఈ పనే. 1752లో మద్రాసుకు కంపెనీ ఉద్యోగిగా వచ్చిన అలెగ్జాండర్ డాల్రింపుల్, 1795లో బ్రిటిష్ నౌకాదళానికి తొలి హైడ్రోగ్రాఫర్ అయ్యాడు. ఈ తూర్పు తీరాన్ని కొలిచిన మైకేల్ టాపింగ్ 1796లో బందరులోనే పోయాడు. 1874లో కలకత్తాలో మెరైన్ సర్వే శాఖ పెట్టారు. 1954 నుంచి మన నౌకాదళ హైడ్రోగ్రఫీ కార్యాలయం డెహ్రాడూన్‌లో ఉంది. సముద్రపు గాలి సోకని ఊరు!

గుండు తనకు తగిలిన చోటి సంగతే చెబుతుంది. పక్కన రాయుంటే దానికి తెలియదు. ఆ లోటు సోనార్ తీర్చింది. 2024 ఫిబ్రవరి 3న విశాఖలో నౌకాదళంలో చేరిన ఐ.ఎన్.ఎస్. సంధాయక్ లాంటి ఓడలు ధ్వనిని విసనకర్రలా అడుగుకు విసురుతాయి. అయితే ఆ విసనకర్ర వెడల్పు సాధారణంగా లోతుకు మూడు నాలుగింతలే. పది మీటర్ల నీళ్లలో ముప్పై నలభై మీటర్లు. ఒడ్డుకు వచ్చేకొద్దీ అదీ సన్నబడుతుంది, ఓడకు అడుగు తగిలే భయం పెరుగుతుంది. దాంతో పటంలో ఒడ్డు వెంబడి ఖాళీ పట్టీ మిగిలిపోతుంది. గోపాల్‌పూర్‌లో బయట లంగరేసిన రంగూన్ స్టీమర్లకు మన కూలీలను మసూలా పడవలు చేర్చింది ఆ పట్టీ మీదుగానే. మేకు లేకుండా కొబ్బరితాడుతో కుట్టిన పలకలవి, అల కొడితే విరగకుండా వంగేవి.

అక్కడ విమానం పనికొస్తుంది. అది కిందికి వేసే లేజరులో పరారుణ కాంతి నీటి పైనుంచే తిరిగొస్తుంది, ఆకుపచ్చ కాంతి అడుగు తాకి వస్తుంది. ఆ రెండు రాకల మధ్య తేడాలోంచి లోతు తీస్తారు. లోతెంత తక్కువైనా కొలిచే పట్టీ సన్నబడదు. కానీ తెల్ల పళ్లెం దింపితే ఎంత దాకా కంటికి ఆనుతుందో, దానికి రెండు మూడింతల లోతే లేజరుకు హద్దు. వానాకాలంలో ఋషికుల్య నది మొగ దగ్గర ఆ ఎర్రనీళ్లలో, నురుగులో లేజరు ఏం చూస్తుంది? నీళ్లు తేరే నెలల కోసం కాచుకోవాలి. ఈలోగా ఇసుక ఉత్తరానికి నడుస్తూనే ఉంటుంది, మొగ జరుగుతూనే ఉంటుంది.

ఇక ఓడదీ విమానానిదీ రెండు కొలతలూ అతకాలంటే కొంత మేర రెండూ ఒకే నేలను కొలవాలి. అంతకంటే చిక్కు, సున్నా ఎక్కడన్నది. ఓడ పటానికి సున్నా బాగా తీసిన పాటు నీటిమట్టం. నేల పటానికి సగటు సముద్రమట్టం. విమానంలోని జీపీఎస్‌కు గణితం గీసిన ఊహాభూగోళం. మన తీరాన దీనికీ సముద్రమట్టానికీ పదుల మీటర్ల తేడా. ఇవన్నీ ఒక సున్నాకు తేకుండా కలిపితే లేని గుంట పుడుతుంది, ఉన్న దిబ్బ మాయమవుతుంది.

నా నోటుపుస్తకం ఇంకా ఉంది. నాలుగు బారలని నేను రాసిన అంకె పక్కన మాస్టారు ఎర్రసిరాతో గీసిన గీత ఉంది. పోటో, పాటో నేను రాయనేలేదు.