చెకుముకిరాయి – పొయ్యిరాయి



కావ్యములలో సూర్యకాంతశిల యను మాట తఱచుగా కానవచ్చును. తాకిన చల్లగా నుండి, సూర్యతేజము సోకగానే నిప్పు గ్రక్కుట దాని లక్షణము. శాకుంతలమున కాళిదాసు మునుల శాంతమునకు, దాని మాటున దాగిన తేజస్సునకు దీనినే ఉపమానముగా గైకొనెను. స్వచ్ఛమైన స్ఫటికమును ఉబ్బెత్తుగా సానపట్టి ఎండలో నిలిపినచో కిరణములు ఒకచోట కూడి దూదిని అంటించును. కావున ఆ నిప్పు శిలది కాదు, సూర్యునిది.

చెకుముకిరాతి సంగతియు ఇట్టిదే. అగ్గిపెట్టె రాకమునుపు పెద్దలు ఒక చేత రాతిని, దాని కానించి మాడ్చిన దూదిని పట్టి, రెండవ చేత ఉక్కుముక్కతో చఱచెడివారు. రాయి నిప్పును కనెనని లోకము తలంచును. నిజమునకు రాతి అంచు ఉక్కుకన్న గట్టిది. అది ఉక్కునుండి సన్నని రజనును గీకివేయును. రాపిడి వేడికి ఆ రజను గాలిలో మండును. అదియే నిప్పురవ్వ. మండునది ఇనుము, మండించునది రాయి. తెల్లని పలుగురాయి ఈ పనికి చక్కగా చాలును.

అయితే నిప్పు పుట్టించు రాయి నిప్పును ఓర్చునని నమ్మరాదు. పలుగురాయి కరగుటకు ఇంచుమించు 1,700 డిగ్రీల వేడి కావలెను. ఇనుము 1,538 డిగ్రీలకే కరగును. అయినను 573 డిగ్రీలు దాటునప్పుడు పలుగురాయి ఒక్కమారుగా ఉబ్బి పగులును. కట్టెల నిప్పులకు ఆ వేడి అందరానిది కాదు. గెడ్డలోనుండి తీసిన తడిరాయి మరింత అపాయకరము. దాని సందులలోని నీరు ఆవిరియై, వెలికిపోవ దారిలేక, రాతిని బ్రద్దలు చేయును. వనభోజనములనాడు గెడ్డ ఒడ్డున మూడురాళ్ళు పేర్చి ఎసరు పెట్టుచు, చుట్టును పిల్లలను కూర్చుండబెట్టువారు ఈ మాట మఱువరాదు. అంతకన్న ఇటుకలు మేలు. అవి ఒకమారు బట్టీలో కాలి, నిప్పుకు ఓర్చుకొన్నవి.

తీవ్రమైన వేడి నోర్చు శిలాద్రవ్యములును ఈ సీమకు దూరమైనవి కావు. తూర్పు కనుమల ఖోండలైటు శిలలో గ్రాఫైటు, సిల్లిమనైటు కలవు. ఖోండు గిరిజనుల పేరిటనే ఆ శిలకు ఆ పేరు వచ్చినది. సిల్లిమనైటు 1,500 డిగ్రీలకును కరగదు గనుక కొలుముల గోడలకు వాడు అగ్గి ఇటుకలలో చేరును. గ్రాఫైటును బంకమన్నుతో కలిపి లోహములు కరగించు మూసలు చేయుదురు. ఇట్టి ద్రవ్యముల విలువ చీపురుపల్లి పరిసరములవారికి తెలియనిది కాదు. కోడూరు ప్రాంతమున 1892లో మాంగనీసు త్రవ్వకము మొదలయ్యెను. 1950వ దశాబ్దమున గరివిడిలో ఫెర్రోమాంగనీసు కర్మాగారము వెలసెను. 1,300 డిగ్రీలకు మించిన వేడితో ఖనిజమును కరగించు అట్టి కొలుమును నిలుపునది దాని లోపలి పూతయే. అది చెడినచో కరగిన లోహము వెలికురికి ప్రాణములకే ముప్పు తెచ్చును.

రాతి పేరు తెలిసిన చాలదు, గుణము తెలియవలెను. చెకుముకికి పలుగురాయి, పొయ్యికి కాలిన ఇటుక, మూసకు గ్రాఫైటు — దేని చోటు దానిదే. ఈ తెలివి కొంత పుస్తకములలోను, కొంత పెద్దల అనుభవములోను కలదు. ఆ రెండింటిని ఒకచోట చేర్చుటయే గ్రంథాలయము చేయదగిన పని. ఏ యింటి అటుకపైనైన పాత చెకుముకి సంచి మిగిలియున్నచో దానిని పారవేయక ఇచ్చట నుంచుడు. దాని ప్రక్కన ఒక పలుగురాయియు, ఒక అగ్గి ఇటుకయు నున్నచో పిల్లలకు అదియే మొదటి పాఠమగును.