స్మృతి తొలగినను స్వామి తొలగడు

శ్రీ లక్ష్మీచెన్నకేశవస్వామినే నమః



మార్కాపురము, గిద్దలూరు, కంభము, త్రిపురాంతకము ప్రాంతముల భక్తులు మమ్ము తరచుగా అడుగు ప్రశ్న యొకటి కలదు. "మా తల్లి జీవితమంతయు నామస్మరణ చేసినది. ఇప్పుడు బిడ్డల పేర్లు మరచినది. నిత్యము చదివిన స్తోత్రమును మరచినది. అంత్యకాలమున భగవంతుని తలచినవారికే సద్గతి యందురు గదా! ఈమె గతి యేమి?" ఈ ప్రశ్న వెనుక గల కన్నీటిని మేమెరుగుదుము. కావున నేడు దీనిని గూర్చియే విన్నవించుకొందుము.

ముందుగా వ్యాధిని తెలిసికొనవలెను. 1906లో జర్మనీ దేశమున ఆలోయిస్ ఆల్జీమర్ అను వైద్యుడు, మతిమరపుతో బాధపడి మరణించిన ఒక స్త్రీ మెదడును పరిశీలించి, అందు విపరీతమైన మార్పులను కనుగొనెను. 1910లో ఆ వ్యాధికి ఆయన పేరే పెట్టిరి. అమిలాయిడ్, టౌ అను మాంసకృత్తులు మెదడునందు పేరుకొని, కణములు క్రమక్రమముగా నశించును. మతి క్షీణించు ఇట్టి జబ్బులను డిమెన్షియా అందురు. వానిలో ఆల్జీమర్స్ మిక్కిలి సాధారణమైనది. మన దేశమున 60 ఏండ్లు దాటినవారిలో సుమారు 88 లక్షల మందికి డిమెన్షియా యున్నదని 2023లో వెలువడిన పరిశోధన అంచనా వేసినది. కావున ఇది చాదస్తము కాదు. ముసలితనపు సహజలక్షణమును కాదు.

మన మార్కాపురము పలకలకు పేరుపడిన ఊరు. తడిగుడ్డతో తుడిచినచో పలకపై వ్రాత యంతయు ఒక్కమారే పోవును. ఈ వ్యాధి అట్లు కాదు. ముందుగా నేటి వ్రాత పోవును. చిన్ననాటి వ్రాత చాలకాలము నిలుచును. ఉదయము భుజించిన సంగతి మరచిన వృద్ధురాలు తన పెండ్లి ముచ్చటను పూసగ్రుచ్చినట్లు చెప్పును. స్వగృహముననే యుండి, సాయంకాలము కాగానే "ఇంటికి పోవలె" నని బయలుదేరును. ఆమె వెదకునది బహుశః చిన్ననాటి పుట్టినిల్లు. నగను తానే దాచి, కోడలు తీసినదని నిందించును. ఇచ్చటనే సంసారములలో చిచ్చు రగులుచున్నది. అది అత్తగారి దుర్బుద్ధి కాదు. వ్యాధి పలికించు మాట.

గీత రెండవ అధ్యాయమున స్మృతిభ్రంశమును గూర్చి యున్నది గదా, ఇది దోషఫలము కాదా యని కొందరందురు. అచ్చట భగవానుడు చెప్పినది, విషయచింతన వలన కామక్రోధములకు లోనై వివేకమును పోగొట్టుకొనువానిని గూర్చి. మెదడు చెడిన రోగిని గూర్చి కాదు. ఆ మాటను రోగి మంచము కడ పలుకుట అపచారము. గాలి సోకినదని మంత్రగాండ్ర దెబ్బలకు అప్పగించుట అంతకంటె ఘోరము.

ఇక సద్గతి మాట. అంత్యస్మరణ మహిమ ఎనిమిదవ అధ్యాయమున చెప్పబడినది, నిజమే. దానితోపాటు వరాహ చరమశ్లోకమును పెద్దలు స్మరింతురు. దేహమును మనస్సును స్వస్థముగా నున్ననాడు తన్ను తలచిన భక్తుడు, కడపట కట్టెవలె, రాతివలె పడియున్న వేళ, తానే యతనిని తలచి పరమగతికి చేర్చుదునని వరాహస్వామి భూదేవికి అభయమిచ్చెనని దాని తాత్పర్యము. భక్తుని జ్ఞాపకమునకు హద్దు కలదు. భగవంతుని జ్ఞాపకమునకు లేదు. ఆ తల్లి చేసిన నామస్మరణలో ఒక్కటియు వ్యర్థము కాలేదు.

అయితే స్వామి తలచునని మనము మరచి యుండరాదు. ఆమె మరచినదానిని ఆమె పక్షమున గుర్తుంచుకొనుటయే పుత్రధర్మము. "నేనెవరో చెప్పుము" అని పరీక్షింపక, "అమ్మా, నేను నీ చిన్నకొడుకును" అని మనమే చెప్పవలెను. గతించిన భర్త ఏడని అడిగినప్పుడెల్ల "పోయెను గదా" యన్నచో, ఆ దుఃఖము ఆమెకు ప్రతిమారును క్రొత్తదే. ఆయన ముచ్చట ఒకటి చెప్పించి ఊరడింపవలెను. పాటలు తరచుగా చాలకాలము నిలుచును. పాత కీర్తన వినిపించినచో పెదవులు కదలవచ్చును. తిరునాళ్ళకు, రథోత్సవమునకు తెచ్చినప్పుడు చేయి విడువరాదు. ఊరు, ఫోను నంబరు వ్రాసిన చీటి కొంగుముడిలో నుండవలెను.

ఈ సేవాభారము సాధారణముగా ఒక్క కోడలిపైననో, కూతురిపైననో పడుచున్నది. బెంగుళూరు, హైదరాబాదుల నుండి పండుగకు వచ్చిన కొడుకులు రెండు దినములు చూచి "అమ్మ బాగుగనే యున్నది గదా" యందురు. నిదురలేని రాత్రులు వారికి తెలియవు. ఆ ఇల్లాలికి విసుగు వచ్చినచో అది పాపము కాదు, అలసట. వారమున కొక పూట బంధువులో, ఇరుగుపొరుగువారో వచ్చి రోగి కడ కూర్చుండినచో ఆమె విశ్రమింపగలదు. అట్టి ఒక్క పూట నూరు కొబ్బరికాయల కంటె స్వామికి ప్రీతికరము.

మరపు కనబడినంతనే వైద్యునికి చూపవలెను. బి12 విటమిను లోపము, థైరాయిడ్ లోపము, మనోవ్యాకులత వలన కలుగు మరపు చికిత్సతో తగ్గవచ్చును. ఆల్జీమర్స్‌ను పూర్తిగా నయము చేయు మందు నేటివరకు లేదు; కొంత ఉపశమనమిచ్చు మందులు కలవు. రక్తపోటు, మధుమేహము అదుపులో నుంచుట, పొగాకు మానుట, వినికిడి లోపమును సరిచేసికొనుట, నలుగురితో కలసి మెలసి యుండుట వలన ముప్పు తగ్గును. వృద్ధుల సహాయమునకు 14567, మానసిక ఆరోగ్య సలహాలకు 14416 అను ప్రభుత్వ ఫోను నంబర్లు కలవు.

అక్షరములు చెరగినను పలక యున్నట్లే, జ్ఞాపకములు చెరగినను తల్లి తల్లియే. ఆమె నోట నామము రాకున్నచో, ఆమె చెవి చెంత మనమే నామమును పలుకుదము. చెన్నకేశవస్వామి అట్టి రోగులను, వారిని సేవించు చేతులను కాపాడుగాక!

స్వస్తి.