వంటగది మన వయసుకు తగినట్లుందా?



మన వంటగదులు చాలావరకు పిల్లలు చిన్నవాళ్ళుగా ఉన్నప్పుడు అమర్చుకున్నవి. ఇప్పుడు వండేది ఇద్దరికి. అయినా పప్పుల డబ్బాలు అటక మీద, బియ్యం డబ్బా నేల మీద అలాగే ఉన్నాయి. ఈ వయసులో స్టూలెక్కి జారితే తుంటి ఎముక విరుగుతుంది. నేల మీద సరుకు వంగి తీస్తే నడుము పట్టేస్తుంది.

విజయవాడ వారికి ఇంకొక చిక్కుంది. 2024 సెప్టెంబరు 1న బుడమేరు పొంగి సింగ్‌నగర్ ఇళ్ళలోకి నీరు వచ్చింది. నిలువెత్తు నీటికి ఏ ఏర్పాటూ ఆగదు. కాని అడుగు నీరు వస్తే ముందు పోయేది నేల మీది బియ్యమే.

అందుచేత రోజూ వాడేవన్నీ నడుముకూ భుజానికీ మధ్య అరల్లో పెట్టండి. గట్టు ఎత్తు వండేవారి మోచేతికి నాలుగైదు అంగుళాలు దిగువన ఉండాలి. వేడి గంజి గిన్నెతో నడిచే పని లేకుండా పొయ్యికి రెండడుగుల్లో సింకు ఉంటే మేలు. కూరలు తరగడానికి ఒక కుర్చీకి చోటు వదలండి.

ఆగ్నేయం చూసుకోండి, కాదనను. దానితోపాటు వంట చేసే మనిషి ఎత్తు కూడా టేపు పెట్టి కొలవండి. మేస్త్రీని ఆ తరువాతే పిలవండి.